ఇల్లు తాకట్టు పెట్టి బయోటెక్ చదివించాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఎరువుల కొట్టు మీద నెలకు 55 వేల దాకా మిగులుతుంది. మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు అమెరికాలో ఎంఎస్ చేస్తానంటోంది. 40 లక్షలు అవుతుందట. ఇల్లు తాకట్టు పెడితే లోన్ ఇప్పిస్తామని, వడ్డీకి ట్యాక్స్ కూడా మిగులుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఇక్కడే ప్రైవేటు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయితే 6 లక్షలు. తన సీనియర్ ఎమ్మెస్సీ చేసి జీనోమ్ వ్యాలీలో 22 వేల జీతానికి చేరింది. బాబు ఇంటర్ చదువుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నేను ముందు గీత పెట్టుకున్న అంకె ఆ 22 వేలు. అమెరికాలో అనుకున్నట్టు జరక్క మీ అమ్మాయి వెనక్కి వస్తే చేతికొచ్చే జీతం దాదాపు అంతే. కాబట్టి లెక్క అక్కడి నుంచే వేద్దాం.

40 లక్షలకు 11 శాతం వడ్డీ అనుకుందాం. చదివే రెండేళ్లు, ఆపైన ఆరు నెలలు కిస్తీ కట్టనక్కర్లేదంటారు. నిజమే, కానీ వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఏడాదికి సగం చొప్పున డబ్బు తీసుకున్నా, కిస్తీలు మొదలయ్యే నాటికి బాకీ 48 లక్షల 80 వేలు అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 67 వేలు. పదిహేనేళ్లకు పొడిగిస్తే 55 వేలు, అంటే మీ కొట్టు మీద వచ్చేదంతా. 22 వేల జీతంతో ఈ అప్పు తీరదు. ఇల్లు పోతుంది.

ఉద్యోగం దొరికితే? అదీ చూద్దాం. అక్కడ బయాలజీ ల్యాబుల్లో టెక్నీషియన్ స్థాయి ఉద్యోగానికి ఏడాదికి 50 వేల డాలర్ల చుట్టూ వస్తుంది. పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి జీతంతో పోల్చుకోవద్దు. పన్ను, అద్దె, తిండి పోను నలుగురితో రూము పంచుకుని పొదుపుగా ఉంటే 67 వేల కిస్తీ కట్టగలదు, కాదనను. కాకపోతే ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకునే తాత్కాలిక అనుమతి) మొదలైన మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సైన్స్ కోర్సు కాబట్టి ఇంకో రెండేళ్లు పొడిగింపు దొరకొచ్చు. ఆ తర్వాత హెచ్1బీ వర్క్ వీసా లాటరీ. పదేళ్ల అప్పుకు మూడేళ్ల అనుమతి. ఆ మిగతా ఏడేళ్లకు పూచీ మీ ఇల్లు!

ట్యాక్స్ మిగులుతుందన్న మాట చదివి నాకు నవ్వొచ్చింది. ఆదాయపు పన్ను చట్టంలో విద్యా రుణం వడ్డీకి మినహాయింపు ఉన్నమాట వాస్తవమే, అదీ పాత పన్ను విధానంలోనే. మీ ఆదాయం ఏడాదికి 6 లక్షల 60 వేలు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్నే పడదు. కట్టని పన్నులో మిగిలేదేముంటుంది?

ఇక అసలు సంగతి. బయాలజీలో ముందుకు వెళ్లినవాళ్లకు చాలావరకు ఎదురు డబ్బిచ్చి చదివిస్తారు. సొంత డబ్బు ఎక్కువగా పోసేది మధ్యలో ఉన్న ఈ మాస్టర్స్ దగ్గరే. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు ఇస్తున్నారు, ఇంటి అద్దె భత్యం వేరే. అంటే చదువుకుంటూనే సీనియర్ జీతం కన్నా ఎక్కువ. అమెరికాలోనూ ఈ సబ్జెక్టుల్లో పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు ఉండదు, స్టైపెండ్ ఉంటుంది. 2025లో అక్కడ పరిశోధన నిధులకు కోత పడి కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించాయి, పోటీ పెరిగింది. అయినా ఇక్కడ మంచి ఎమ్మెస్సీ చేసి, ల్యాబులో పనిచేసిన అనుభవంతో అప్లై చేస్తే పోయేది అప్లికేషన్ ఫీజులే.

ఆ మంచి ఎమ్మెస్సీ కోసం మీ అమ్మాయి గాట్-బీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల బయోటెక్నాలజీ సీట్లకు ఆ స్కోరు కావాలి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సాయమందించే ఈ ఎమ్మెస్సీ సీట్లలో నెలకు 5 వేల స్టైపెండ్ కూడా ఉంటుంది. ఐఐటీల కోసం జామ్, రాష్ట్ర యూనివర్సిటీల కోసం సీపీగెట్ ఉన్నాయి. ఇంత దూరం వచ్చాక ఒక ఏడాది ఆగి వీటికి చదివినా నష్టం లేదు. నీట్‌కు రెండుసార్లు కూర్చున్న పిల్ల, బయాలజీ గట్టిగానే వచ్చి ఉంటుంది.

ఇవేవీ రాకపోతే 6 లక్షల ప్రైవేటు ఎమ్మెస్సీ. నా కొలత ఒకటే: కిస్తీ ఇక్కడి జీతంలో మూడో వంతు దాటకూడదు. 22 వేలలో మూడో వంతు 7,300. 10 శాతం వడ్డీ, ఏడాదికి 3 లక్షల చొప్పున తీసుకుని, చదువయ్యాక ఒక ఏడాది ఆగితే బాకీ 7 లక్షల 50 వేలు, పదేళ్ల కిస్తీ 9,900. ఎక్కువే. అదే కిస్తీలు మొదలయ్యేదాకా వడ్డీ మీరు కట్టేస్తే (మొదటి ఏడాది నెలకు 2,500, తర్వాత 5 వేలు) కిస్తీ 7,900కి దిగుతుంది. నా కొలతను కాస్త దాటినా మోయగలరు. ఇలా ముందే కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు వడ్డీ ఒక శాతం తగ్గిస్తాయి, అడిగి చూడండి.

7 లక్షల 50 వేల లోపు విద్యా రుణానికి సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. పైగా కుటుంబ ఆదాయం 8 లక్షల లోపే కాబట్టి పీఎం విద్యాలక్ష్మి పథకంలో వడ్డీ రాయితీకి మీరు దరఖాస్తు చేయవచ్చు. కిస్తీలు మొదలయ్యేదాకా 10 శాతం వడ్డీ రేటులో 3 శాతం కేంద్రం భరిస్తుంది, మీకు 7 శాతమే పడుతుంది. కాకపోతే ఆ యూనివర్సిటీ పథకం జాబితాలో ఉండాలి, సీటు మెరిట్ మీద రావాలి. ఫీజు కట్టకముందే పోర్టల్‌లో పేరు చూసుకోండి.

పరిశోధన మీద మనసు లేదు, త్వరగా ఉద్యోగం కావాలంటే మాత్రం ఎమ్మెస్సీయే అక్కర్లేదు. ఎడ్‌సెట్ రాసి బీఈడీ చేసి, టెట్ కూడా పాసైతే డీఎస్సీలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌కు అర్హత రావచ్చు. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులతో వచ్చింది. అయితే ప్రతి ఏడాదీ రాదు, అది గుర్తుంచుకోవాలి. అమీర్‌పేటలో కొన్ని నెలలు కోచింగ్ తీసుకుని మెడికల్ కోడింగ్‌లో చేరే లైఫ్ సైన్సెస్ పిల్లలూ చాలామందే. దానికి 40 లక్షలు కాదు గదా, 4 లక్షలు కూడా దండగే.

అమ్మాయితో ఈ మాట చెప్పేటప్పుడు "అమెరికా వద్దు" అనకండి. అప్పుతో వద్దు, స్టైపెండ్‌తో వెళ్లు అనండి. ఈలోగా కన్సల్టెన్సీ వాళ్లను ఒకటి అడగండి: రెండేళ్ల క్రితం బయోటెక్ ఎంఎస్‌కు పంపిన ముగ్గురితో ఫోన్లో మాట్లాడించమనండి. మాట్లాడేది మీరు కాదు, మీ అమ్మాయి. ఇంటి కాగితాలు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి. రెండేళ్లలో మీ అబ్బాయి చదువుకూ లోన్ కావాల్సి రావచ్చు.