ఎండైవ్ చేదెక్కింది, చికోరీ పూతకొచ్చింది: లోపం ఎక్కడ?

ప్రశ్న: ఫిబ్రవరి మొదట్లో పెరట్లో ఎండైవ్, చికోరీ అనే సలాడ్ ఆకుకూరలు విత్తాను. మొక్కలు ఏపుగానే పెరిగాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఆకులు నోట పెట్టలేనంత చేదెక్కి, నడిమి నుంచి పూత కాడలు లేచాయి. విత్తనం మంచిది కాదా? చికోరీ వేరును వేయించి అరకు కాఫీ పొడిలో కలుపుకోవచ్చా?
– ఒక పెరటి రైతు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: విత్తనాన్ని అనుమానించకండి. మీరు విత్తిన నెలే తప్పింది. ఇవి రెండూ చలి పంటలు. ఎండ ముదిరి పగటి పొద్దు పెరిగితే మొక్క ఆకు పెంచడం మాని పూతకు సిద్ధమవుతుంది, చేదు కూడా పెరుగుతుంది. విశాఖలో వీటికి నచ్చే చల్లదనం డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే దొరుకుతుంది. అందుకే అక్టోబరు చివర ట్రేలలో, వాన జల్లు పడని చోట నారు పోయండి. విత్తనం మీద పలుచగా మట్టి కప్పితే చాలు. తుపాను వానలు తెరిపిచ్చాక, నవంబరు చివర ఎత్తు మడుల్లో అడుగుకొక మొక్క చొప్పున నాటండి. బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. మడి ఒకరోజు ఎండి ఒకరోజు మునిగితే చేదు తగ్గదు, కాబట్టి రోజూ కొద్దికొద్దిగా తడపండి.

చేదు తగ్గించే అసలు పని కోతకు ముందు ఉంటుంది. ఎండైవ్ గుత్తి నిండుగా విచ్చుకున్నాక, మధ్యాహ్నం పూట ఆకుల మీద చుక్క తడి లేనప్పుడు, బయటి ఆకులను పైకి చేర్చి అరటి నారతో వదులుగా కట్టండి. వెలుతురు అందని నడిమి ఆకులు పది, పన్నెండు రోజుల్లో మొగలి రేకుల్లా లేత పసుపు తిరుగుతాయి. కట్టాక నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి. లోపల తడి చేరితే గుత్తి మొత్తం కుళ్లిపోతుంది. మన ఉక్కపోతలో ఎక్కువగా చూసే నష్టం ఇదే. రెండు రోజులకొకసారి ఒక కట్టు విప్పి చూడండి. పేనుబంక కనిపిస్తే కట్టక ముందే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి చల్లండి.

ఇక కాఫీ సంగతి. వేరు కోసం పెంచే చికోరీ రకాలు వేరే, ఆకు రకాలు వేరే. వేరు కోసం పెంచే రకాన్ని మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్ రైతులు శీతాకాలంలో పొలాల్లో పండిస్తారు. వేరు ఊరడానికి లోతైన గుల్ల నేల, నాలుగైదు నెలల సమయం కావాలి. పూత కాడ లేచిన మీ మొక్కల వేళ్లు పీచుబారి ఉంటాయి, వాటి కోసం శ్రమపడకండి. పెరట్లో ఆకు కోసమే పెంచుకోమంటాను.

రెండు మొక్కలను తేనెటీగల కోసం వదిలితే వదలండి, ఉదయాన్నే నీలం పూలు విచ్చుకుంటాయి. విత్తనం మాత్రం దాచవద్దు. చికోరీ పుప్పొడి ఎండైవ్‌కు సోకి సంకరమవుతుంది, వచ్చే ఏడాది ఏ మొక్క వస్తుందో చెప్పలేం.