విండోస్ పక్కన ఉబుంటు: 200 జీబీని ఎలా పంచుకోవాలి?

512 జీబీ ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను ఉంచుకుంటూనే 200 జీబీలో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడానికి ఎన్ని పార్టిషన్లు (డిస్క్‌లో విడి భాగాలు) చేయాలని అడిగారు. రెండు చాలు: సిస్టమ్, ప్రోగ్రాములు ఉండే రూట్; మీ ఫైళ్లు, సెట్టింగులు ఉండే హోమ్. దాదాపు ఇలాంటి యంత్రంలోనే కొన్నేళ్లుగా నేను ఈ పద్ధతిని పాటిస్తున్నాను.

ముందుగా విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) రికవరీ కీని వేరే చోట భద్రపరచుకొని, ఫాస్ట్ స్టార్టప్‌ను (విండోస్‌ను పూర్తిగా ఆపకుండా త్వరగా తెరిచే సదుపాయం) ఆపివేసి, డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే సి డ్రైవ్‌ను కుదించండి.

అసలు ఆలోచించవలసింది రూట్ పరిమాణం గురించి. ఉబుంటుకు 25 జీబీ సరిపోతుందని చెబుతారు గానీ, స్నాప్ ప్యాకేజీలు (ఉబుంటు యాప్‌ల ఒక రూపం), పాత కెర్నళ్లు (సిస్టమ్ మూల భాగపు పాత వెర్షన్లు), ప్రోగ్రాములను కంటెయినర్లలో నడిపే డాకర్ వాడితే దాని ఇమేజ్‌లు అన్నీ రూట్‌లోనే చేరతాయి కాబట్టి నేను 60 జీబీకి తగ్గించను. ఉబుంటు మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4లో ఉన్న పార్టిషన్‌ను పెంచాలంటే దాని వెనువెంటనే ఖాళీ స్థలం ఉండాలి; అక్కడ హోమ్ ఉన్నప్పుడు, లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటును నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, హోమ్‌ను కుదించి, అందులోని డేటా మొత్తాన్ని ముందుకు జరిపితే తప్ప రూట్‌కు చోటు దొరకదు. ఆ పని గంటల తరబడి సాగవచ్చు, మధ్యలో కరెంటు పోతే డేటాకే ప్రమాదం. కాబట్టి మొదట్లోనే రూట్‌కు ధారాళంగా ఇచ్చి, మిగిలిన 140 జీబీని హోమ్‌కు కేటాయించండి.

హోమ్‌ను వేరుగా ఉంచితే ఉబుంటును మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి, హోమ్‌ను ఫార్మాట్ చేయకుండా మౌంట్ చేసి (అంటే సిస్టమ్‌కు జోడించి), పాత యూజర్ పేరే ఇస్తే ఫైళ్లు, సెట్టింగులు యథాతథంగా ఉంటాయి. వెర్షన్ మారినప్పుడల్లా నేను ఇలాగే చేస్తున్నాను, బ్యాకప్ తీసుకున్న తరువాతే అనుకోండి.

స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు) ప్రత్యేక పార్టిషన్ అక్కరలేదు, 17.04 నుంచి ఉబుంటు స్వాప్ ఫైల్‌నే వాడుతోంది. హైబర్నేట్ (ర్యామ్‌లోని పనిని డిస్క్‌లో దాచి యంత్రాన్ని ఆపడం) తప్పనిసరి అనుకుంటే మాత్రం ర్యామ్‌కు తగ్గకుండా 8 జీబీ స్వాప్ పార్టిషన్ ఒకటి చేసుకోవచ్చు. విండోస్ బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే ఉబుంటు కూడా వాడుకోగలదు, దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఫార్మాట్ చేయవద్దు.

ఈఎక్స్‌టీ4 సాధారణంగా 5 శాతం చోటును రూట్ యూజర్ (సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్) కోసం అట్టేపెడుతుంది. 140 జీబీ హోమ్‌లో అది 7 జీబీ. రూట్ పార్టిషన్‌లో ఆ నిల్వ అవసరమే గానీ హోమ్‌లో దానితో పెద్దగా పని లేదు కనుక, ఇన్‌స్టాల్ పూర్తయ్యాక ట్యూన్2ఎఫ్ఎస్ (tune2fs) అనే కమాండ్‌తో దానిని 1 శాతానికి తగ్గించుకోవచ్చు.