గడీ వసారా నుంచి తెర మీదికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తెలంగాణ సాయుధ పోరాటం మీద మేము ఆడుతున్న నాటకాన్ని సినిమాగా తీయాలనుకుంటున్నాం. మూడు అంకాలూ గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు) వసారాలోనే నడుస్తాయి. కథంతా ఊళ్లోకి, పొలాల్లోకి తీసుకెళ్లాలా?
– ఒక నాటక కళాకారుడు, సూర్యాపేట

జవాబు: అంతా వద్దు. నాటకం ప్రతి ముందేసుకుని రెండు రంగుల పెన్సిళ్లు పట్టండి. ‘కొట్టాలు తగలబెట్టిండ్రు’, ‘సంఘపోళ్లను పట్కపోయిండ్రు’ అని ఎవరో ఉరికొచ్చి చెప్పే మాటల కింద ఎర్రగీత కొట్టండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తేల్చుకునే ఘట్టాలకు నీలిగీత. ఎర్రగీతలన్నీ బయట తీయాల్సినవే. తీశాక ఆ కబురు మాటలు మొహమాటం లేకుండా కొట్టేయండి. చూసిందే మళ్లీ వినిపిస్తే ప్రేక్షకుడికి విసుగు.

నీలిగీతలను గడీ దాటనీయకండి. చెప్పులు చేతబట్టుకుని దొర ముందు నిలబడ్డ రైతుకు వెనక తలుపు, పక్కన సుంకరి (ఊరి నౌకరు). అటూ ఇటూ కదల్లేని ఆ ఇరుకే ఘట్టానికి బలం. అదే సంభాషణ పొలం గట్టు మీద పెడితే, ‘వీడు లేచి పోవచ్చు గదా’ అనిపిస్తుంది.

స్వగతాలను వెనక నుంచి గొంతుగా వినిపించడం సులువే గానీ, సోమరి పని. దానికి బదులు పాత్ర చేతికి పనివ్వండి. తెల్లారితే వెట్టికి పోవాల్సినవాడు తట్ట, పార గోడకు ఆనించి, సద్ది మూట విప్పి, తినకుండా మళ్లీ కట్టేస్తే పేజీడు స్వగతం అక్కర్లేదు. అంకం చివర చప్పట్ల కోసం రాసిన డైలాగు కూడా ఎడిటింగులో బరువే. అంతకు ముందు మాట దగ్గరే కట్ చేసి చూడండి.

నటులు స్టేజీ వాళ్లే అయితే చిన్న గదిలో, మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చోబెట్టి రిహార్సల్ చేయించండి. చివరి వరుసకు వినబడాలనే అలవాటు క్లోజప్పులో అరుపైపోతుంది.

ప్రశ్న: సాయుధ పోరాటం మీద తీసే మా సినిమాకు కథాకాలం 1946. మిర్యాలగూడ వైపు పచ్చటి వరి పొలాలు చూసిపెట్టాం. ఇంకేం చూసుకోవాలి?
– దేవరకొండ

జవాబు: ముందు ఆ పొలాలు వదులుకోండి. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిందే 1955 డిసెంబరు 10న. ఎడమ కాల్వ నీళ్లు మిర్యాలగూడకు అందింది ఆ తర్వాతే. 1946లో వరి అంటే చెరువు కింద, బావి కింద. మిగతా చెల్కల్లో (మెట్ట చేలల్లో) జొన్న, సజ్జ, ఆముదం.

రెండోది వయ్యారిభామ. ఈ కలుపు మన దేశంలో పాకింది 1950ల తర్వాతే. కట్ట మీద తెల్లటి పూలతో అది కనబడితే తెలిసిన రైతు ఇట్టే పట్టేస్తాడు. ముందురోజే చేతి తొడుగులతో పీకించండి, ఒంటికి తగిలితే దురద. తారు రోడ్డు మీద మొరం పరచొచ్చు. కరెంటు స్తంభాలకు మాత్రం కెమెరా కోణం మార్చుకోవడమే మందు.

కడవెండిలో ఈ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జులై 4న, అంటే తొలకరి రోజులు. షూటింగు సంక్రాంతి తర్వాత పెట్టుకుంటే చెల్కల్లో మోళ్లే మిగులుతాయి. వానాకాలం మొదట్లో తీయండి. జనం చేతుల్లో వడిసెలలు (రాళ్లు విసిరేవి), గుతపలు (దుడ్డుకర్రలు) చాలు. తుపాకులు తర్వాతి దశవి. లావాదేవీలు నిజాం రాజ్యపు సొంత నాణెం హాలీ సిక్కాలో (ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిషు రూపాయలు), సర్కారు కాగితాలు ఉర్దూలో ఉండాలి.

ప్రశ్న: నాటకం రాసింది ఇద్దరు. ఒకరు కాలం చేశారు. ప్రదర్శనకు అనుమతి మా దగ్గరుంది, సినిమా తీయడానికి అది చాలదా?
– మహబూబ్‌నగర్

జవాబు: చాలదు. ప్రదర్శన హక్కు వేరు, సినిమాగా మలిచే హక్కు వేరు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఉమ్మడి రచనకు హక్కు ఇద్దరిలో చివరగా పోయినవారి తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఉన్న రచయితతో పాటు, పోయినవారి వారసులందరి సంతకాలూ తీసుకోండి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే. ఇంకో మెలిక ఉంది: విడిగా రాసుకోకపోతే, ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోనప్పుడు అది రద్దవుతుంది. డబ్బు సమకూరడానికి టైం పట్టేట్టుంటే ఆ గడువు పెంచి రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.