నాలుగు రాత్రుల ధరకు మూడు రాత్రులు

ప్రశ్న: వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లయి పదేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ఏడేళ్ల మా అబ్బాయితో కలిసి మాల్దీవుల్లోని ఒక దీవి రిసార్టులో 4 రాత్రులు గడపాలనుకుంటున్నాం. సీప్లేన్ ఎక్కాలని వాడు రెండేళ్లుగా అడుగుతున్నాడు. రిసార్టు వారు ఉదయపు ఫలహారంతో గదికి రాత్రికి 400 డాలర్లు ప్లస్ ప్లస్ అన్నారు. సీప్లేన్‌కు రానుపోను పెద్దలకు 500, పిల్లవాడికి 250 డాలర్లు, పన్నులన్నీ అందులోనే ఉన్నాయట. మే నెలాఖరులో వస్తే గది 310 డాలర్లకే ఇస్తామంటున్నారు. ఫిబ్రవరికి మొత్తం 2,850 డాలర్లు అవుతుందని నా లెక్క. ఇందుకోసం 3,600 డాలర్లు కూడబెట్టాం, నెలకు మరో 150 పక్కన పెట్టగలం. విమాన టికెట్ల సొమ్ము విడిగా ఉంది. మేము చూసుకున్న విమానం సాయంత్రం 5:20కి మాలేలో దిగుతుంది. డబ్బు మిగులుతోంది కదా, నీటి మీద కట్టిన విల్లాకు మారదామని మావారు అంటున్నారు. దానికి తక్కువ పడితే అత్యవసర నిధి నుంచి తీయడం మేలా, వ్యక్తిగత రుణం మేలా?

జవాబు: విల్లా సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీరు పంపిన కొటేషన్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివాను. మీరు మిగులుతుందనుకుంటున్న 750 డాలర్లు నిజానికి లేవు. పైగా, ఆ విమానం మార్చకపోతే 4 రాత్రులకు డబ్బు కట్టి 3 రాత్రులే దీవిలో ఉంటారు. ఈ రెండు విషయాలూ తేలాకే అప్పు గురించి మాట్లాడుకోవడం సమంజసం.

ముందు ఆ "ప్లస్ ప్లస్" చూద్దాం. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జి. రెండోది పర్యాటక రంగంపై మాల్దీవుల ప్రభుత్వం వేసే వస్తు సేవల పన్ను, అక్కడివారు టీజీఎస్టీ అంటారు. 2023 జనవరిలో 12 నుంచి 16 శాతానికి, 2025 జూలై 1న 17 శాతానికి పెరిగింది. చాలామంది ఈ రెండింటినీ కూడి 27 శాతం అనుకుంటారు. అయితే పన్నును సర్వీస్ చార్జి కలిపిన మొత్తంపై లెక్కగడతారు కాబట్టి అసలు పెరుగుదల 28.7 శాతం. అంటే మీ 400 డాలర్ల గది 440 అయి, ఆ 440 మీద 17 శాతం పడి, దాదాపు 515 దగ్గర ఆగుతుంది. 4 రాత్రులకు మీరు వేసుకున్న 1,600 బదులు 2,059 డాలర్లు కట్టాలి.

దీనికి తోడు గ్రీన్ టాక్స్ ఉంది. రిసార్టుల్లో ఇది 2025 జనవరి నుంచి మనిషికి రాత్రికి 12 డాలర్లు, అంతకు ముందు 6 ఉండేది. రెండేళ్లలోపు పసిపిల్లలకు మినహాయింపు ఉంది గానీ మీ అబ్బాయి వయసు దాటిపోయింది. ముగ్గురికి 4 రాత్రులకు 144 డాలర్లు. మీరు పంపిన కొటేషన్‌లో ఈ పన్ను పేరు కూడా లేదు, ఖాళీ చేసే రోజు బిల్లులో మాత్రం కనిపిస్తుంది.

అసలు పెద్ద లోటు భోజనంలో ఉంది. మాల్దీవుల్లో సాధారణంగా ఒక దీవికి ఒకే రిసార్టు. బయటికి వెళ్లి మరోచోట తినే వీలుండదు కాబట్టి, ఫలహారం మాత్రమే ఉన్న గది తీసుకోవడమంటే మిగతా రెండు పూటల ధరనూ రిసార్టు చేతికి వదిలేయడమే. కొటేషన్ చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, ఫుల్ బోర్డ్‌కు, అంటే మూడు పూటలా తిండికి, పెద్దలకు రోజుకు 110, పిల్లలకు 55 డాలర్లు అదనమని ఉంది, అదీ ప్లస్ ప్లస్. ముగ్గురికి 4 రోజులకు పన్నులతో కలిపి 1,416 అవుతుంది. సీప్లేన్ 1,250 కలిపితే మొత్తం 4,869 డాలర్లు. పగడపు దిబ్బల దగ్గరికి ఒక పడవ ప్రయాణం, రెండు మూడు పానీయాలు, సిబ్బందికి బహుమానం వంటి వాటికి మరో 300 పెట్టుకుంటే 5,170 దగ్గర తేలుతుంది. ఫిబ్రవరికి ఇంకా 7 నెలలుంది కాబట్టి అప్పటికి మీ చేతిలో ఉండేది 4,650. అంటే ఇప్పుడున్న గదికే 520 డాలర్లు తక్కువ.

ఇక సీప్లేన్. మాల్దీవుల్లో ఈ విమానాలు పైలట్ కంటిచూపు మీద ఆధారపడి, పగటి వెలుగులోనే ఎగురుతాయి. ఎక్కువగా వాడేది డీహెచ్‌సీ-6 ట్విన్ ఆటర్, పదిహేను మంది దాకా పడతారు. దూరపు దీవులు చేరి చీకటి పడకముందే నీటి మీద దిగాలి కాబట్టి, అంతర్జాతీయ విమానం దాదాపు మధ్యాహ్నం మూడున్నర లోపు దిగితేనే ఆ రోజు సీప్లేన్ దొరుకుతుందని రిసార్టులు సాధారణంగా చెబుతాయి. మీరు 5:20కి దిగి, తనిఖీ ముగించుకుని, సామాను తీసుకునే సరికి ఆ రోజు సీప్లేన్లన్నీ ఆగిపోతాయి. ఆ రాత్రి విమానాశ్రయం నుంచి రోడ్డు మార్గాన చేరగలిగే హుల్హుమాలేలో సొంత ఖర్చుతో గది తీసుకోవాలి. దీవిలో ఖాళీగా ఉన్న గదికి 515 డాలర్లు అప్పటికే కట్టి ఉంటారు. మరునాటి ఉదయం రిసార్టు చేరేసరికి అక్కడ ఫలహారం వేళ కూడా దాటిపోవచ్చు. ఇలా పోయే రాత్రిని రిసార్టులు తిరిగి ఇవ్వవు, ఎందుకంటే తప్పు వారిది కాదు.

కాబట్టి ఉదయం మాలే చేరే విమానం వెతకండి. టికెట్ వంద డాలర్లు ఎక్కువైనా సరే, అదే మీకు చవక. తిరుగు ప్రయాణానికీ ఇదే జాగ్రత్త అవసరం. తొలి సీప్లేన్లు తెల్లవారాకే బయలుదేరుతాయి కాబట్టి, ఉదయం తొమ్మిదిలోపు బయలుదేరే అంతర్జాతీయ విమానం పెట్టుకుంటే ముందురోజు సాయంత్రమే దీవి వదలాల్సి వస్తుంది. మధ్యాహ్నపు విమానమైతే ఆ బెంగ ఉండదు. మరొకటి, సీప్లేన్ కచ్చితమైన సమయం సాధారణంగా ముందురోజు సాయంత్రం గానీ చెప్పరు. మాలేలో దిగిన రోజున లాంజ్‌లో ఒకటి రెండు గంటలు వేచి ఉండటం మామూలే, పిల్లవాడికి ఏదైనా పుస్తకం దగ్గర ఉంచుకోండి.

సీప్లేన్ ఖర్చును మీరు గదిలాగా రోజువారీ ఖర్చుగా చూడటం సరికాదు. ఒక రాత్రి ఉన్నా, పది రాత్రులున్నా ఆ 1,250 మారదు. 4 రాత్రులకు పంచితే రాత్రికి 312, 3 రాత్రులకైతే 417. మాలేకు దగ్గరి దీవులకు స్పీడ్‌బోటులో వెళ్లే రిసార్టులు చాలా ఉన్నాయి, ప్రయాణ ఖర్చు చాలా చోట్ల ఇందులో సగం లోపే. రాత్రి పూట కూడా వెళతాయి కాబట్టి మీ 5:20 విమానం కూడా వాటికి సరిపోతుంది. డబ్బు ఒక్కటే కొలబద్ద అయితే నేను స్పీడ్‌బోటే ఎంచుకోమనేవాడిని. అయితే ఈ ప్రయాణంలో పిల్లవాడు అడిగింది దీవిని కాదు, సీప్లేన్‌ను. పైనుంచి చూస్తే ఆకుపచ్చ దీవుల చుట్టూ తెల్లటి ఇసుక అంచు, దాని చుట్టూ పాలిపోయిన నీలం, అంతకు బయట ఒక్కసారిగా ముదురు నీలం కనిపిస్తాయి. పైలట్లు తరచు చెప్పులు లేకుండానే కాక్‌పిట్‌లో కూర్చుంటారు, ఏడేళ్ల వాడు దీవి కన్నా దాన్నే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటాడేమో. కాబట్టి సీప్లేన్‌ను ఉంచుదాం, మిగతావాటిని దానికి తగ్గట్టు సర్దుదాం.

మీ డబ్బుకు సరిపోయే దారులు రెండున్నాయి. మొదటిది, ఫిబ్రవరిలోనే వెళ్లి 3 రాత్రులు ఉండటం. గది 1,544, గ్రీన్ టాక్స్ 108, భోజనం 1,062, సీప్లేన్ 1,250, చిల్లర ఖర్చులకు 300, మొత్తం 4,264. అప్పటికి మీ దగ్గరుండే 4,650లో 386 మిగులుతుంది. రెండోది, మే నెలాఖరుకు వాయిదా వేసి 4 రాత్రులు ఉండటం. గది 310 కాబట్టి మొత్తం 4,706, అప్పటికి పొదుపు 5,100, మిగులు 394. మిగులు దాదాపు సమానం, అప్పు రెండింట్లోనూ అవసరం లేదు. మొదటిదాంట్లో రాత్రికి 1,421 డాలర్లు పడుతుంది, రెండోదాంట్లో 1,176.

కాగితం మీద మే గెలుస్తుంది. అయినా మీ స్థానంలో ఉంటే నేను ఫిబ్రవరినే ఎంచుకుంటాను. మాల్దీవుల్లో ఈశాన్య రుతుపవనాల కాలం, అంటే దాదాపు జనవరి నుంచి ఏప్రిల్ వరకు, పొడిగా ఉంటుంది. మే నుంచి నైరుతి రుతుపవనాలతో వానలు, గాలులు, అలలు పెరుగుతాయి. గది ధర తగ్గడానికి కారణం అదే. రోజంతా కురవాలనేమీ లేదు, మే నెలలో వెళ్లి ఎండ చూసి వచ్చినవారు ఎంతోమంది. కానీ కురిసిన రోజుకూ అదే 1,176 కట్టాలి, వాతావరణం బాగాలేకపోతే సీప్లేన్ ఆలస్యం కావచ్చు. ఏ నెలలో వెళ్లినా ఫరవాలేదు, పెళ్లిరోజు నాడే ఉండాలన్న పట్టింపు లేదు అనుకునేవారికి మే మంచిదే. మీ ఉత్తరం మాత్రం పెళ్లయి పదేళ్లు నిండడంతోనే మొదలైంది.

రుణం విషయానికొస్తే, అవసరం ఎలాగూ తీరింది, అయినా అడిగారు కాబట్టి చెబుతాను. ఫిబ్రవరిలో 4 రాత్రులకయ్యే 5,170లో ఇప్పుడున్న 3,600 పోగా, మిగతా 1,570 డాలర్లు ఇప్పుడే రుణం తీసుకుని 24 నెలల్లో తీర్చాలనుకుంటే, వడ్డీ ఏడాదికి 14 శాతమైన పక్షంలో నెలకు సుమారు 75 డాలర్ల వాయిదా పడుతుంది. మొత్తం వడ్డీ దాదాపు 240, అంటే ఆ రిసార్టులో సగం రాత్రి గది. వడ్డీ కన్నా నన్ను కలవరపెట్టేది ఆ వాయిదా. మీ నెల పొదుపు 150లో సగం రెండేళ్ల పాటు దానికే పోతుంది. అత్యవసర నిధిని ముట్టుకోవడం ఇంకా తప్పు. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడో దాని అవసరం వస్తుంది, ఆ రోజు వచ్చే ముందు చెప్పి రాదు.

కూడబెట్టిన సొమ్మును ఈ 7 నెలలూ షేర్లలో గానీ, ధర ఊగిసలాడే ఫండ్లలో గానీ పెట్టకండి. పొదుపు ఖాతా, తక్కువ కాలపు డిపాజిట్ చాలు. మీ జీతం డాలర్లలో రాకపోతే, చెల్లింపు తేదీన ఒకేసారి మార్చుకోకుండా మూడు విడతలుగా మార్చుకుంటే మారకపు రేటు భారం ఒక్క రోజు మీద పడదు. రిసార్టు బిల్లు డాలర్లలోనే వస్తుంది. కార్డు యంత్రం మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా అని అడిగితే వద్దని డాలర్లనే ఎంచుకోండి, సొంత కరెన్సీకి ఇచ్చే మారకపు రేటు దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే. మాల్దీవుల రుఫియా నోట్లు తీసుకుంటే బయట మార్చుకోవడం కష్టం, రిసార్టులో వాటి అవసరమూ లేదు.

ముందుగా మొత్తం కట్టేస్తే తగ్గింపు ఇస్తామంటారు, బదులుగా రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. 7 నెలల దూరంలో ఉన్న ప్రయాణానికి ఆ తగ్గింపు నాకు నచ్చదు. కొంచెం ఎక్కువైనా రద్దు వీలున్న ధర తీసుకుని, సీప్లేన్ సొమ్ముకూ అదే షరతు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. ప్రయాణ బీమాలో విమాన ఆలస్యంతో పాటు, దీవి నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా ఉందో లేదో చూసుకోండి.

రెండు చిన్న సంగతులు. సీప్లేన్ కౌంటర్ దగ్గర పెట్టెలతో పాటు చేతిసంచులను కూడా తూకం వేస్తారు, సాధారణంగా మనిషికి 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచి వరకే ఉచితం, దాటిన ప్రతి కిలోకూ రుసుము. అలాగే వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఇముగా అనే ప్రయాణికుల ప్రకటన ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బు అడిగే సైట్ ఏదైనా మధ్యవర్తిదే. దేశం విడిచేటప్పుడు కట్టే పన్ను, విమానాశ్రయ రుసుము, ఎకానమీ ప్రయాణికులకు 50 చొప్పున మొత్తం 100 డాలర్లు, టికెట్‌లోనే కలిసి ఉంటాయి, విడిగా పెట్టుకోనక్కరలేదు.

విల్లా అడిగిన మీవారికి ఒక మాట. మిగిలే 386 డాలర్లు విల్లాకు కాదు. సీప్లేన్ ఏ కారణంగానైనా ఆ రోజు దొరకకపోతే హుల్హుమాలేలో ఒక రాత్రి గదికి, భోజనానికి ఉంచిన సొమ్ము అది. ముందు విమానం మార్చండి, ఆ టికెట్ ఖాయమయ్యాక అదే తేదీలతో రిసార్టుకు అడ్వాన్సు కట్టండి.