మంచి అంబాసిడర్ ఏ ఏటితో ఆగిపోయింది?

పాత వాహనాల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారు 1972లో కొన్న మార్క్ టూ అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా మేనమామ దగ్గర 1996 నాటి 1800 ఐఎస్‌జెడ్ (జపాను కంపెనీ ఇసుజు ఇంజన్ ఉన్న అంబాసిడర్) ఉంది. మా బావ చాలాకాలం మార్క్ ఫోర్ డీజిలు బండిని ట్యాక్సీగా తిప్పాడు. సంక్రాంతికి అందరం కలిస్తే ఒకటే వాదన. మార్క్ టూ తర్వాత హిందుస్థాన్ మోటార్స్ మంచి కారు చేయనే లేదని నాన్నగారు అంటారు. ఇసుజు ఇంజన్ వచ్చాకే అది కారు అనిపించుకుందని మామయ్య అంటాడు. డీజిలు బండి పెట్టిన తిండి మీరిద్దరూ తినలేదు కనుక మీకు తెలియదని బావ కొట్టిపారేస్తాడు. మీ తీర్పు ఏమిటి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీ ఇంట్లో ముగ్గురూ మూడు వేర్వేరు కార్ల గురించి మాట్లాడుతున్నారు. పైనున్న డొప్ప దాదాపు ఒకటే కావడం వల్ల ఒకే కారు గురించి వాదించుకుంటున్నట్టు కనిపిస్తోంది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ పేరుతో అమ్ముడైన కారునే 1950ల చివర పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్‌గా తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ నమూనాను పుట్టినచోట 1959లోనే ఆపేశారు. ఇక్కడ మాత్రం అది 2014 మే దాకా సాగింది. అంత కాలం నడిచిన కారుకు ‘మంచి రోజులు’ ఎప్పుడంటే, ఎవరికి వారు తాము స్టీరింగు పట్టిన రోజులనే చూపించడం సహజం.

ముందుగా మీ నాన్నగారి మాట చూద్దాం. మార్క్ టూ 1960ల ఆరంభం నుంచి 1975 దాకా వచ్చింది. రేకులను నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు అప్పటికి ఇంకా ముసలివి కాలేదు. అందువల్ల తలుపుకూ స్తంభానికీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా ఉంటుంది, తలుపు వేస్తే ఒక్క చప్పుడుతో పడుతుంది, బంపరు మీది క్రోమియం పూత ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు. అయితే అదే మార్క్ టూలో ఒకటో గేరుకు సింక్రోమెష్ (గేరు పళ్లు రాసుకోకుండా కలిసే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆగకముందే ఒకటో గేరు వేస్తే పళ్లు అరిచేవి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులకు, లింకులకు వేళ తప్పకుండా గ్రీజు కొట్టించకపోతే స్టీరింగు ఒక పక్కకు లాగేది. ఆ రోజుల్లో ఇంటి డ్రైవరే సగం మెకానిక్కు కనుక ఈ పనులన్నీ ఎవరికీ లోపాలుగా తోచలేదు.

ఇక్కడ చాలామంది మరచిపోయిన సంగతి ఒకటి ఉంది. మనం స్వర్ణయుగంగా చెప్పుకునే ఆ 1960ల రెండో సగంలోనే, దేశంలో తయారవుతున్న కార్ల నాణ్యత మీద ఫిర్యాదులు పెరిగిపోవడంతో, కేంద్ర ప్రభుత్వం వాటి నాణ్యతను విచారించడానికి ఒక కమిటీని వేయవలసి వచ్చింది. 1969లో కార్ల ధరలను కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. ఆ ధరలు గిట్టుబాటు కావంటూ కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. కొత్త కారు కొన్నవాడు మొదటి నెలలోనే వర్క్‌షాపు చుట్టూ తిరగడం, బుక్ చేసినవాడు ఏళ్ల తరబడి ఎదురుచూడడం అప్పటి మాటే. అలా ఎదురుచూసి తెచ్చుకున్న బండి చెడ్డదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. పైగా ఈ రోజు మన కళ్ల ముందున్న మార్క్ టూలు ఆనాటి కార్లన్నిటికీ ప్రతినిధులు కావు. బాగా కుదిరినవి, యజమానులు వదులుకోలేక ఇంజన్ రెండు మూడుసార్లు బోర్ చేయించి (అరిగిన సిలిండర్లను తొలిపించి) నిలబెట్టుకున్నవి మాత్రమే మిగిలాయి. మిగిలినవి ఏనాడో తుక్కు కింద పోయాయి. నాన్నగారి కారు నిస్సందేహంగా మంచిదే. దానిని చూసి 1972లో వచ్చిన ప్రతి కారూ అలాంటిదేనని లెక్క కట్టకూడదు.

మీ బావగారి లెక్క వేరు, అది రూపాయల లెక్క. మార్క్ ఫోర్ 1979లో వచ్చిన తర్వాత దానికి 1489 సీసీ డీజిలు ఇంజన్ పెట్టారు. శక్తి తక్కువ, చప్పుడు ఎక్కువ, ఎత్తు ఎక్కుతుంటే వెనుక లారీవాడు హారన్ కొడతాడు. కానీ అప్పట్లో పెట్రోలుకూ డీజిలుకూ ఉన్న ధర తేడాలో ట్యాక్సీ యజమాని ఇల్లు గడిచేది. కిరాయి బండిగా అంతకు మించిన అంబాసిడర్ లేదంటే ఒప్పుకుంటాను. హాయిగా నడపడానికి మంచి కారా అంటే మాత్రం బావగారు కూడా నవ్వేస్తారు.

నేను మీ మామయ్య పక్షం. 1990ల ఆరంభంలో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌తో, అప్పటిదాకా యాభై హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉన్న పెట్రోలు బండి ఒక్కసారిగా 75కు చేరింది. స్టీరింగు కింది హ్యాండ్ గేరు పోయి, అయిదు గేర్ల ఫ్లోర్ షిఫ్టు వచ్చింది. విజయవాడ నుంచి హైదరాబాదుకు లారీల వరుసను దాటుకుంటూ వెళ్లవలసిన మనిషికి ఈ తేడా ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. ఇసుజు ఇంజన్‌లో అంబాసిడర్ వాసన ఏదని కొందరు అభిమానులు పెదవి విరుస్తారు. ఆ వాసనలో సగం కాలిన ఇంజనాయిలుదే కదా.

అయితే ఆ ఇంజన్ వచ్చేనాటికి డొప్ప బలహీనపడింది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక సొంతానికి కొనుక్కునేవారు క్రమంగా అటు జరిగిపోయారు. అంబాసిడర్‌కు ప్రభుత్వ కార్యాలయాలు, ట్యాక్సీలు మిగిలాయి. 1980ల నడిమిలో ఏడాదికి సుమారు 24,000 కార్ల దాకా ఉన్న అమ్మకాలు 2000ల నడిమికి సుమారు ఆరు వేలకు పడిపోయాయి. అమ్మకం తగ్గిన కంపెనీకి అచ్చులు కొత్తవి చేయించే స్తోమత ఉండదు. తప్పకుండా కొనే సర్కారు ఖాతా చేతిలో ఉన్నన్నాళ్లు ఆ అవసరమూ కనిపించలేదు. అరిగిన అచ్చులోంచి వచ్చిన రేకును సుత్తితో సరిచేసి, సందులను పుట్టీతో పూడ్చి, పైన తెల్లరంగు వేసి పంపినట్టుండే కార్లను ఆ చివరి కాలంలో మనమంతా చూశాం. కనుక నా తీర్పు ఇది: డొప్ప వరకు చూస్తే మంచి రోజులు మార్క్ టూతో ముగిశాయి, నడక వరకు చూస్తే 1990లలో మొదలయ్యాయి. ఆ రెండింటినీ కంపెనీ ఏనాడూ ఒకే కారులో అమర్చి ఇవ్వలేదు. ఒక్క సంవత్సరమే చెప్పమంటే మామయ్య కారుకే ఓటు వేస్తాను, ఎందుకంటే చెడిన డొప్పను మంచి టింకరింగ్ మేస్త్రి బాగుచేయగలడు.

ప్రశ్న: పాత అంబాసిడర్ల రేకు మందంగా ఉండేదని, తర్వాత పల్చబడిందని అంటారు. నా 1968 కారుకు తుప్పు లేదు, మా తమ్ముడి 1998 కారు నేల మాత్రం చిల్లులు పడింది. ఇది రేకు మందం వల్లనే కదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెకానిక్కులందరూ చెప్పే మాటే అది. కానీ నేను విప్పించి చూసిన కార్లలో తుప్పుకు అసలు కారణం ఎక్కువగా రేకు లోపలి వైపునే కనిపించింది: తలుపు అడుగున నీరు పోయే చిల్లులు పుట్టీతో మూసుకుపోయి ఉండడం, వెల్డింగు అతుకుల మీద ప్రైమరు సరిగా పడకపోవడం, నేల మీద వేసిన రబ్బరు మ్యాట్ల కింద తడి నిలిచిపోవడం. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. అక్కడ ఎంత మందపు రేకైనా తడి నిలిస్తే తినేస్తుంది. మీ తమ్ముడిగారి కారులో మ్యాట్లన్నీ తీయించి, వెనుక స్ప్రింగు కట్టలు ఛాసిస్‌కు తగులుకునే చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. మొన దిగితే ముందు ఆ పని చేయించాలి, రంగు సంగతి తర్వాత. తలుపుల కింది అంచు మీద పల్చని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని జరుపుతూ పోతే, అది పట్టు వదిలిన ప్రతిచోటా రేకు మీద పుట్టీ మందంగా ఉందన్నమాట. మీ 1968 కారుకు కూడా ఈ పరీక్ష చేయండి. ‘తుప్పు లేదు’ అన్న మాట కొన్నిసార్లు మంచి పెయింటరు చలవ.

ప్రశ్న: హిందుస్థాన్ మోటార్స్ అనగానే అందరూ అంబాసిడర్ దగ్గరే ఆగిపోతారు. ఆ కంపెనీ చేసిన చివరి మంచి కారు లాన్సర్ అని నేనంటాను. తప్పా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: తప్పు కాదు, తెలివైన మాట. మిత్సుబిషి లాన్సర్‌ను 1998 నుంచి మీ ఊరి దగ్గరి తిరువళ్లూరు కర్మాగారంలో తయారు చేసింది ఈ కంపెనీయే. దాన్ని నడిపినవారు ఇప్పటికీ దాని స్టీరింగు గురించి తియ్యగా చెప్పుకుంటారు. ఉత్తర్‌పారాలో పాత అచ్చులతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే అదే కంపెనీ మరోచోట కొత్త యంత్రాలతో, జపాను నమూనాతో చక్కని కారు తీయగలిగింది. పనివారి చేతకానితనం వల్లనే అంబాసిడర్ పాడైందనేవారికి మీ లాన్సరే సమాధానం. అయితే ఆ నమూనా మొత్తం మిత్సుబిషిది కనుక అంబాసిడర్ అభిమానులు ఈ ఓటును చెల్లనివ్వరు, ముందే చెబుతున్నాను.

ప్రశ్న: నా దగ్గర 1973 మార్క్ టూ ఉంది. డొప్ప బంగారంలా ఉంది, ఇంజన్ మాత్రం ఆయిలు తాగుతోంది. తుక్కుకు వెళ్తున్న ఐఎస్‌జెడ్ నుంచి ఇసుజు ఇంజన్, గేరుబాక్సు తీసి దీనికి బిగిస్తానని మా మెకానిక్కు అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కంపెనీ చేయని పని మీరు చేయిద్దామనుకుంటున్నారు! పని సాధ్యమే; చాలాచోట్ల చేశారు. ఇంజన్ను మోసే మౌంటింగులు, గేరుబాక్సు కింది బారు, గేరుబాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మార్చుకోవాలి. అయినా మీ కారు విషయంలో నేను వద్దంటాను, రెండు కారణాల వల్ల.

మొదటిది చట్టం. కారు ఇంజన్ మార్చడానికి రవాణా శాఖ అనుమతి తీసుకుని, కొత్త ఇంజన్ నంబరును ఆర్సీలో ఎక్కించుకోవాలి. అది చేయకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ చేతులు దులుపుకుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ కింద నమోదు చేసుకునే వీలును 2021లో కేంద్రం కల్పించింది. మీ కారు వయసు దానికి సరిపోతుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ డొప్పలో గానీ ఛాసిస్‌లో గానీ ఇంజన్లో గానీ పెద్ద మార్పులు చేసిన బండికి ఆ అవకాశం ఉండదు. అలా నమోదైన కారును రోజువారీ పనులకు వాడకూడదన్న షరతు కూడా ఉంది కనుక, రోజూ నడపాలనుకుంటే మామూలు ఆర్సీనే పునరుద్ధరించుకోండి.

రెండోది బ్రేకులు. శక్తి ఒకటిన్నర రెట్లు అయిన బండిని 1973 నాటి డ్రమ్ములతో, బూస్టరు (కాలి నొక్కుడుకు బలం చేర్చే పరికరం) లేకుండా ఆపడం మీ కాలికి పరీక్ష, ఎదురొచ్చేవాడికి గండం.

దానికి బదులు పాత ఇంజన్నే దింపించి, సిలిండర్లు కొలిపించి, అవసరమైతే రీబోర్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించండి. హెడ్ విప్పినప్పుడు ఎగ్జాస్టు వాల్వుల సీట్లకు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులకు) గట్టి ఇన్సర్టులు పెట్టించడం మరువకండి. ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టింది; మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000లో. సీసం లేకపోతే పాత సీట్లు మెల్లగా అరిగి, వాల్వులు లోపలికి దిగిపోతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది కనుక, పెట్రోలు గొట్టాలు, పంపులోని డయాఫ్రం, కార్బొరేటరు ప్యాకింగులు ఇథనాల్‌కు తట్టుకునేవే అడిగి వేయించుకోండి. ఇదే 1489 సీసీ ఇంజన్ కుటుంబాన్ని బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్సు కారుకు కూడా వాడారు. అందువల్ల ఇక్కడ దొరకని భాగం ఏదైనా ఉంటే, అక్కడున్న బంధువుల చేత ఎంజీ విడిభాగాల దుకాణంలో అడిగించవచ్చు. కొనేముందు మాత్రం మీ పాత భాగం కొలతలు, ఇంజన్ నంబరు వారికి రాసి పంపండి.