గుణుపురం తమ్ముడికి: జులైలో కొండెక్కాలా, వద్దా?

ఫ్రాన్సులోని గ్రెనోబుల్ చేరి ఎనిమిది నెలలైన, మన ఒడిశా గుణుపురం తమ్ముడొకడు నాకు పెద్ద ఉత్తరమే రాశాడు. అందులో ఐదు ప్రశ్నలున్నాయి. నాలుగు మామూలువే: అద్దె సాయం, వీసా, పార్ట్‌టైమ్ పని, బ్యాంకు ఖాతా. ఐదోది మాత్రం అడగాలా వద్దా అన్నట్టు చివర్లో రాశాడు. "అన్నయ్యా, మా ల్యాబ్ వాళ్ళు జులైలో సైకిల్ రేసు చూడ్డానికి కొండ మీదకి వెళ్తున్నారు. నన్నూ రమ్మంటున్నారు. రెండు రాత్రులు టెంట్లో ఉండాలట. సైకిళ్ళు పోతుంటే చూడ్డానికి అంత ఖర్చెందుకు? లోను మీద చదువుతున్నవాణ్ణి. రథయాత్రకి ఇంటికి వచ్చేద్దామంటే టికెట్ డబ్బులు లేవు. గదిలోనే ఉండి చదువుకుంటాను."

గ్రెనోబుల్ నుంచి సెలవుకి వచ్చి, పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని జవాబు రాస్తున్నాను. మొదటి నాలుగూ త్వరగా ముగిస్తాను. అద్దె సాయం నీకు వస్తుందో లేదో కాఫ్ (ఆ సాయం ఇచ్చే ఫ్రాన్సు సంస్థ) సైట్లో చూసుకో. విద్యార్థి వీసా ఫ్రాన్సులో దిగిన మూడు నెలల్లోగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని ఉండాలి. పని ఏడాదికి 964 గంటలు దాటకూడదు. బ్యాంకు సంగతి మీ యూనివర్సిటీ వాళ్ళే చెబుతారు. మిగతా వివరాలన్నీ కాంపస్ ఫ్రాన్స్ సైట్లో ఉన్నాయి, చదువుకున్నవాడివి, చూసుకోగలవు. ఐదో ప్రశ్నకి మాత్రం ఏ సైట్లోనూ జవాబు దొరకదు. అందుకని మిగతా ఉత్తరమంతా దాని గురించే.

వెళ్ళు తమ్ముడూ. తప్పకుండా వెళ్ళు. "గదిలోనే ఉంటాను" అన్న మాట చదివేసరికి నాకు గుండె గుభేలుమంది. ఆ మాట నేను ఒక ఏడాది పాటు అన్నాను.

నేను 2014 సెప్టెంబరులో గ్రెనోబుల్‌లో దిగాను. అప్పట్లో మన వైపు నుంచి అక్కడికి వెళ్ళినవాడెవడో కూడా నాకు తెలీదు. అడిగితే చెప్పే అన్నయ్య లేడు. మీకు ఇప్పుడు అడగ్గానే పదిమంది చెబుతున్నారు కాబట్టి ఆ రోజులు ఎలా ఉండేవో మీకు అంత తొందరగా అర్థం కాదు. పెట్టెలో అమ్మ పెట్టిన చోడిపిండి, ఆవకాయ, కందిపొడి. నవంబరు వచ్చేసరికి సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఆదివారం వస్తే వీధిలో పిట్ట కూడా కనిపించదు. శుక్రవారం సాయంత్రం ల్యాబ్ తలుపు వేసినప్పటి నుంచి సోమవారం పొద్దున్న "బోఁజూర్" అనేవరకు నోరు విప్పని వారాలు నాకు గుర్తున్నాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఫోను దగ్గర చేశాను. చలికాలంలో ఫ్రాన్సు గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. నేను ఏడింటికి గదికి చేరేసరికి పర్లాకిమిడిలో రాత్రి పదకొండున్నర. వీడియో కాల్ పెట్టి, పక్కన ఫోను నిలబెట్టుకుని వండుకునేవాణ్ణి, తినేవాణ్ణి. అమ్మ ఒంటిగంట దాకా కూర్చునేది. నేను మాట్లాడుతున్నాననుకున్నాను గాని, నిజానికి ఆమెని కాపలా పెట్టుకున్నాను. ఆవిడకి తెల్లవారి నాలుగున్నరకే లేచే అలవాటు. వేసవిలో ఒకరోజు నాన్నగారు ఫోను తీసుకుని, "బాబూ, మీ అమ్మ పగలు బియ్యం ఏరుతూ కునికిపాట్లు పడుతోందిరా" అన్నారు. అంతే అన్నారు. కోప్పడలేదు. ఆ రోజు నుంచి వారానికి మూడుసార్లు, అదీ వాళ్ళ టైము చూసుకుని చేసేవాణ్ణి. మిగిలిన సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలీక గోడ చూస్తూ కూర్చునేవాణ్ణి. నీ ఉత్తరంలో "రోజూ అమ్మతో మాట్లాడుతూనే వండుకుంటాను" అని ఉంది. అది చదివే ఇదంతా రాస్తున్నాను.

ఇక 2015 జులై. ఆ ఏడాది పూరీలో జగన్నాథుడి విగ్రహాలు మార్చే నవకళేబరం, రథయాత్ర 18న, తిరుగు రథం బాహుడా 26న. మా వీధివాళ్ళు సగంమంది పూరీ వెళ్ళారు, మిగతావాళ్ళు మా ఊరి రథం దగ్గర. ఫొటోలు వస్తూనే ఉన్నాయి. అదే వారంలో మా ల్యాబ్ వాళ్ళు, 25న టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు ఆల్ప్ ద్యుయెజ్ కొండెక్కుతుంది, ముందు రోజు సాయంత్రమే వెళ్ళి టెంట్ వేద్దాం అన్నారు. నా వాటా ముప్పై యూరోలు. రెండు వేల రూపాయల పైమాట అని లెక్కేసుకుని, పనుందని చెప్పాను. పనేం లేదు.

శనివారం తెల్లవారుజామున మెలకువ వచ్చింది. హాస్టల్ మొత్తం ఖాళీ. వంటగదిలో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు భరించలేక బయటపడ్డాను. బస్సెక్కి బూర్ ద్వాజాన్ దాకా వెళ్ళొచ్చనుకున్నాను. గ్రెనోబుల్ నుంచి యాభై కిలోమీటర్లు, కొండ మొదలయ్యేది ఆ ఊరి నుంచే. రేసు రోజున దారులు మూసేస్తారని ఎవర్నీ అడగలేదు. చాలా ముందే దించేశారు. మిగతాది నడక. కాళ్ళకి చెప్పులు, చేతిలో అరలీటరు నీళ్ళ సీసా, టోపీ లేదు, తినడానికి ఏమీ లేదు. కొండ మీదకి 21 వంపులు, కింద 21తో మొదలుపెట్టి పైకి వెళ్ళేకొద్దీ తగ్గిస్తూ లెక్కపెడతారు. ప్రతి వంపు దగ్గరా అంతకుముందు అక్కడ గెలిచినవాళ్ళ పేర్లతో పలక ఉంటుంది. లా గార్డ్ అనే చిన్న పల్లె దగ్గర, 16వ వంపులో, కాళ్ళు బొబ్బలెక్కి ఇంక నడవలేక ఆగిపోయాను.

రోడ్డు మీద తెల్ల రంగుతో ఎవరో పేర్లు రాస్తున్నారు. అప్పుడే రాసిన 'పినో' అన్న పేరు మీద చూసుకోకుండా కాలేశాను. కుడి చెప్పు అంచుకి ఆ రంగు అంటుకుంది. అయ్యో అని వంగి తుడుస్తుంటే, పక్కన మడతకుర్చీలో కూర్చున్న ముసలాయన నవ్వి, ఫర్వాలేదు కూర్చోమని ఇంకో కుర్చీ విప్పారు. ఆయనా, ఆయన భార్యా మూడు రోజుల ముందే వ్యానేసుకుని వచ్చి అక్కడే ఉన్నారు. ఆవిడ ఏమీ అడగకుండా నా చేతిలో రొట్టె, జున్ను, నాలుగు ఆప్రికాట్లు పెట్టింది. నాకు వచ్చిన కాస్త ఫ్రెంచిలో ఇండియా నుంచి అన్నాను. ఒక్కడివే వచ్చావా అని అడిగింది. ఔనన్నాను. ఆవిడ ఇంకో ఆప్రికాట్ పెట్టింది.

మధ్యాహ్నం ప్రచార బళ్ళ ఊరేగింపు వచ్చింది. రేసుకి రెండు గంటల ముందు కంపెనీల బళ్ళు పాటలు పెట్టుకుని టోపీలు, తాళం గొలుసులు, బిస్కెట్లు విసురుతూ పోతాయి. తెల్లటి గుడ్డ మీద ఎర్ర చుక్కల టోపీ ఒకటి ఆవిడ ఒడుపుగా పట్టుకుని నా నెత్తిన పెట్టింది. ముసలాయన రేడియో చెవి దగ్గర పెట్టుకుని నాకు అంతా విడమరిచి చెప్పారు. 1903లో మొదలైన పందెం ఇది. మూడు వారాలు, 21 రోజుల సవారీ. మొత్తం మీద అందరికంటే తక్కువ సమయం ఉన్నవాడికి పసుపు చొక్కా. 1985లో బెర్నార్ ఇనో తర్వాత ఫ్రాన్సువాడెవడూ గెలవలేదని చెబుతుంటే, ఇంట్లో జరిగిన నష్టం చెబుతున్నట్టు ఉంది ఆయన గొంతు. సరిగ్గా వారం కిందట మాండ్‌లో తిబో పినో, ఇంకో ఫ్రెంచివాడు చివరి దాకా ముందుండి, ఒకరినొకరు చూసుకుంటూ ఆగితే, వెనక నుంచి ఇంగ్లీషువాడు దూసుకుపోయాడట. "ఈ రోజు మావాడి అప్పు తీరాలి" అన్నారాయన. మాండ్ రేసు జరిగింది మన రథయాత్ర రోజేనని నాకు లోపల గుర్తొచ్చింది గాని, చెప్పడానికి భాష చాలలేదు.

ముందు హెలికాప్టర్ చప్పుడు. తర్వాత పోలీసు మోటారుసైకిళ్ళు. ఆ వెనక కింది వంపుల నుంచి అరుపు, ఒక వంపు నుంచి ఇంకో వంపుకి ఎక్కుతూ వచ్చింది. మన దగ్గర రథం కదిలినప్పుడు జనం గోల ముందు నుంచి వెనక్కి ఎలా పాకుతుందో నీకు తెలుసు కదా, అదే. అందరూ లేచి "అల్లే! అల్లే!" అని అరుస్తున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని ఊపి, అరవమని సైగ చేసింది. పినో వచ్చాడు. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. గడ్డం నుంచి చెమట చుక్కలు హ్యాండిల్ మీద పడుతున్నాయి, నోరు తెరుచుకుని ఉంది, చూపు మాత్రం మా ఎవరి మీదా లేదు. నా నోట్లోంచి, మన రథం దగ్గర అరిచే "హరిబోల్" వచ్చింది. నేను అనుకుని అన్నది కాదు. గొంతు చించుకుని మూడుసార్లు అరిచాను. పదకొండు నెలల్లో నా గొంతు నేను అంత గట్టిగా వినలేదు. ముసలాయన ఆ మాటేమిటని కూడా అడగలేదు, తనూ "అరిబోల్" అన్నారు.

తర్వాత పసుపు చొక్కాలో క్రిస్ ఫ్రూమ్ వచ్చినప్పుడు కొందరు గేలిచేస్తూ కూశారు. ముసలాయన వాళ్ళ వైపు తిరిగి గట్టిగా కోప్పడ్డారు. కొండెక్కేవాడు ఎవడైనా కొండెక్కుతున్నట్టే అని ఆయన ఉద్దేశం. నాకూ ఆ రోజు నుంచి అదే పద్ధతి. చివరికి రేడియోలో పినో గెలిచాడని చెప్పారు. వెనక కొలంబియా నైరో కింతానా 18 సెకన్ల దూరంలో, మొత్తం లెక్కలో ఫ్రూమ్ పసుపు చొక్కా 1 నిమిషం 12 సెకన్ల తేడాతో నిలిచింది. వంపంతా ఒకళ్ళనొకళ్ళు కావిలించుకున్నారు. నన్ను కూడా. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఎవరూ ఎందుకని అడగలేదు. అక్కడ చాలామంది ఏడుస్తున్నారు కాబట్టి నా ఏడుపు కూడా అందులో కలిసిపోయింది. సాయంత్రం దారి తెరిచాక వాళ్ళే నన్ను వ్యానులో గ్రెనోబుల్ దాకా దింపారు. మర్నాడు అమ్మకి ఫోను చేసి బాహుడా సంగతులు అడిగాను. మొదటిసారి నా దగ్గర కూడా చెప్పడానికి ఒక కథ ఉంది.

సోమవారం ల్యాబ్‌లో చుక్కల టోపీ చూసి అందరూ నా బల్ల చుట్టూ చేరారు. అప్పటిదాకా నా ఫ్రెంచి తప్పుల భయంతో నేనే ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు పినో గురించి తప్పులతోనే అరగంట మాట్లాడాను. నీకు భాష టెన్షన్ ఉందని రాశావు. మనది సరిహద్దు ఊరు తమ్ముడూ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవరలతో రెండు ముక్కలు సవర. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళో పంతులుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు. ఇంకో భాష మనకి కొత్త బరువేం కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలకంటే నువ్వే ముందు నేర్చుకుంటావు, రాసిపెట్టుకో.

ఆ తర్వాత 2018లో, 2022లో కూడా ఆ కొండెక్కాను, ఈసారి ముందు రోజే, అందరితో కలిసి, పులిహోర చేసుకుని. ఇవాళ ఆఫీసులో జులై వస్తే "ఈ రోజు ఎవరు గెలుస్తారు?" అని నన్నే అడుగుతారు. ఆ స్థితికి నేను దారి చెప్పే అన్నయ్య లేకుండానే వచ్చాను.

పోయిన ఏడాది, 2025 జులై 22న ఇక్కడే, ఈ అరుగు మీదే ఉన్నాను. మోంపెలియే నుంచి మాన్ వాంతూ కొండ మీదకి ఆ రోజు రేసు. పైన చెట్టన్నది లేని తెల్లరాళ్ళ కొండ, 1910 మీటర్ల ఎత్తు. రాత్రి భోజనాల వేళ ఫోనులో చూస్తుంటే మేనకోడలు, పక్కింటి పిల్లలు చుట్టూ చేరారు. "మావయ్యా, ఇద్దర్లో మనవాడెవడు?" అంది మేనకోడలు. ఫ్రాన్సు కుర్రాడు వాలెంతాన్ పారె-పాంత్ర్, ఐర్లండ్ బెన్ హీలీ పక్కపక్కనే తొక్కుతున్నారు. వెనక, మొత్తం లెక్కలో రెండో స్థానంలో ఉన్న వింగెగార్డ్ మళ్ళీ మళ్ళీ ముందుకి దూకుతున్నా పసుపు చొక్కా పొగాచర్ వదలడం లేదు. నీలం చొక్కా ఫ్రెంచివాడు మనవాడని చెప్పాను. ఆ ఏడాది అప్పటికి ఒక్క ఫ్రెంచివాడూ ఒక్క రోజూ గెలవలేదు. చివరి కొద్ది మీటర్లలో అతను హీలీని దాటేసరికి పిల్లలు అరిచిన అరుపుకి ఎదురింటి వాళ్ళు క్రికెట్ అనుకుని స్కోరు అడిగారు. లోపల్నుంచి అమ్మ కూడా వచ్చి, "ఆ అబ్బాయికి ఎవరైనా నీళ్ళిచ్చారా?" అంది. అదే సమయానికి గ్రెనోబుల్ స్నేహితుల నుంచి నాకు మెసేజ్‌లు. పదకొండేళ్ళ కిందట అక్కడ కూర్చుని ఇక్కడి ఫొటోలు చూసి కుమిలిపోయినవాణ్ణి, ఇక్కడ కూర్చుని అక్కడి వాళ్ళతో సంతోషం పంచుకున్నాను.

ఈ ఏడాది, 2026లో, నీకు రెట్టింపు అదృష్టం. జులై 24, 25 రెండు రోజులూ రేసు ఆల్ప్ ద్యుయెజ్ మీదే ముగుస్తుంది. 24న మన బాహుడా. ల్యాబ్ వాళ్ళతో 23నే వెళ్ళిపో. బూట్లు వేసుకో. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, టోపీ, రాత్రికి స్వెట్టర్ (జులై అయినా పైన చలి వేస్తుంది). ఏడో వంపు డచ్చివాళ్ళది, నారింజ రంగు చొక్కాలతో పాటలతో నిండిపోయి ఉంటుంది. మొదటిసారికి నీకు కిందే మేలు, మనుషులతో మాట్లాడే వీలుంటుంది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. సైకిళ్ళు వచ్చేటప్పుడు రోడ్డు మీదకి వంగకు, జెండా చాచకు, పక్కన పరిగెత్తకు. 2021లో ఒకావిడ టీవీలో కనబడాలని అట్టముక్క చాచి వీపు తిప్పి నిలబడితే, మొదటి రోజే గుంపులో చాలామంది కూలిపోయారు. వాళ్ళ ఏడాది కష్టం మన చెయ్యడ్డం వల్ల పోకూడదు.

ఖర్చు సంగతి అడిగావు కాబట్టి: నీ వాటా ఇవ్వడం కష్టమైతే మొహమాటపడకుండా నాకు చెప్పు. నేను జులై 18కల్లా గ్రెనోబుల్ తిరిగి వచ్చేస్తాను. మా టెంటు 16వ వంపు దగ్గరే ఉంటుంది, వచ్చి కలువు. మీ అమ్మగారు చోడిపిండో, పచ్చడో పంపాలనుకుంటే జులై పదో తేదీలోగా గుణుపురం బండికి ఎవరి చేతనైనా పర్లాకిమిడి పంపించమను, నేనే స్టేషన్‌కి వచ్చి తీసుకుంటాను. పచ్చడి సీసా మాత్రం రెండు కవర్లు చుట్టి పెట్టమను, నూనె కారుతుంది.