పంప్ మీదకి వెళ్ళాక మెదడు నీ బాధ్యతే

చెన్నై

చిరంజీవి వైదేహికి, మామయ్య ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి కార్డియాక్ థియేటర్లో కేసులకి మత్తు నువ్వే ఇస్తావని అమ్మ చెప్పింది. గుండెను కనిపెట్టుకుని ఉండడానికి ఆ గదిలో చాలామంది ఉంటారమ్మా. మెదడుకి మాత్రం నువ్వొక్కదానివే.

మాస్క్ పెట్టకముందే నుదుటికి, మెదడులో ఆక్సిజన్ ఎంతుందో చూపే నిర్స్ ప్యాచ్‌లు అంటించి రెండు వైపుల అంకెలూ రాసిపెట్టుకో. తర్వాత 20 శాతం పడిపోతే మెడ పక్కకి తిరిగిందా, పంప్‌కి రక్తం తీసుకెళ్ళి తెచ్చే గొట్టం, కాన్యులా, జరిగిందా చూడు. ఆ తర్వాతే బీపీ, కార్బన్ డయాక్సైడ్, హిమోగ్లోబిన్, గుండె, ఊపిరితిత్తుల పని చేసే పంప్ ఫ్లో.

కుర్రవాళ్ళకి కిలోకి 2 మిల్లీగ్రాములు పట్టే మత్తుమందు ప్రొపొఫాల్, డెబ్బై దాటినవాళ్ళకి 1 చాలు. గుండె బలహీనమైతే ఇంకా తక్కువ. అలాంటివాళ్ళలో చేతికి ఎక్కించిన మందు మెదడుకి చేరడానికే ఆలస్యమవుతుంది. ఇంకా కళ్ళు మూయలేదని మరో మూడు సీసీలు తోశావా, రెండు మోతాదులూ కలిసి పనిచేసి బీపీ కుప్పకూలుతుంది. సిరంజి పట్టుకుని నిమిషం పైనే ఆగు.

అసలు జాగ్రత్త పంప్ మొదలయ్యాక. వెంటిలేటర్ ఆపేస్తాం కాబట్టి నీ మెషీన్ మీద మత్తు ఆవిరి సెవోఫ్లూరేన్ ఎంత తిప్పినా పేషెంటుకి అందదు. పంప్‌లో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్ గ్యాస్ లైన్లో, మందును ఆవిరి చేసే వేపరైజర్ తెరిచారా, అందులో మందు ఉందా, పంప్ నడిపే పర్‌ఫ్యూజనిస్టుని అడుగు, నువ్వూ వెళ్ళి చూడు. ఆ ఏర్పాటు లేకపోతే ప్రొపొఫాల్ ఇన్‌ఫ్యూజన్ ముందే నడుస్తూ ఉండాలి. కండరాలు కదలకుండా మందు ఇచ్చిన మనిషి, మెలకువ వచ్చినా వేలు కదపలేడు. ఫెంటనిల్ నొప్పి ఆపుతుంది, మెలకువ రాదన్న హామీ ఇవ్వదు.

పంప్ మీద ఒళ్ళు చల్లబరిచేకొద్దీ తక్కువ మందు సరిపోతుంది. తిరిగి వేడెక్కించేటప్పుడు మెదడుకే ముందుగా వేడి చేరుతుంది, మందు అవసరమూ పెరుగుతుంది. సర్జన్ నోట రీవార్మింగ్ అన్న మాట వినగానే మోతాదు సరిచూసుకో. ఆక్సిజనేటర్ నుంచి వచ్చే రక్తం 37 డిగ్రీలు దాటనివ్వకు. ముక్కులోని ప్రోబ్ 35 చూపిస్తున్నా మెదడు అంతకన్నా వేడిగా ఉండొచ్చు.

మత్తు లోతు చెప్పే బిస్ అంకె 40 నుంచి 60 మధ్య ఉంటే చాలనుకోకు, దాని కింద నడిచే మెదడు తరంగాల గీతను చూడు. గీత చదునుగా సాగి, ఉన్నట్టుండి కెరటాల గుంపు లేచి, మళ్ళీ చదునైపోతే అది బర్స్ట్ సప్రెషన్. బాగా చల్లబరిచినప్పుడు అది మామూలే. 36 డిగ్రీల దగ్గర పెద్దవయసు పేషెంటులో కనిపిస్తే ముందు బీపీ, నిర్స్ చూడు. అవి సరిగా ఉంటే మందు ఎక్కువైనట్టే, తగ్గించు. కెటమిన్ ఇచ్చాక అంకె పైకి లేస్తే మెలకువ అనుకుని కంగారుపడకు, ఆ మందు గుణమే అంత.

పెద్దవాళ్ళకి అలవాటుకొద్దీ నిద్రమందు మిడజోలమ్ ఇవ్వకు, తర్వాత మతి తికమకపడే డెలీరియం భయం ఎక్కువ. ఇక్కడి ఐసీయూలకి నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట నుంచి ఎందరో వస్తారు. మత్తు దిగుతున్న మనిషికి సిస్టర్ అరవంలో ‘కణ్ణ తొరంగ’ అంటే ఏమర్థమవుతుంది? పలకలేదని చార్టులో ఎక్కించేముందు ‘కళ్ళు తెరవండి, నా చెయ్యి నొక్కండి’ అని తెలుగులో అడిగించు. హ్యాండోవర్ కాగితం మీద పెద్దక్షరాలతో ‘తెలుగు’ అని, కళ్ళజోడు, చెవిమిషన్ ఎవరి దగ్గరున్నాయో కూడా రాసి పంపు.

మామయ్య